మొదటి కాల్ పది పన్నెండుకు

కాజీపల్లి ఫ్యాక్టరీ గేటు దగ్గర నా సెల్‌ఫోన్ కొయ్యపెట్టెలో వేసి, చీటీ తీసుకుని లోపల అడుగుపెట్టేసరికి సోమవారం మధ్యాహ్నం రెండూ ఇరవై. అది మందుల ఫ్యాక్టరీ. అంటుకునే ద్రవాల ఆవిరి ఎప్పుడూ గాలిలో ఉంటుంది కనుక సెల్‌ఫోన్ లోపలికి తేకూడదని నియమం. ఎండీ గారైనా సరే, గేటు దగ్గర అంజన్న ముందు పెట్టెలో వేసి రావాల్సిందే. ఫ్యాక్టరీ పేరు రాయనని ఎండీ గారికి మాటిచ్చాను. మిగతాదంతా రాస్తాను.

నా చేతిలో ఉన్నది గంటా నలభై నిమిషాలు. నాలుగింటికి పోలీసు జీపు వస్తుంది, ఇస్మత్‌ను ఎక్కించుకుని పోతుంది.

ఇస్మత్ ఆ ఫ్యాక్టరీలో పంతొమ్మిదేళ్లుగా టెలిఫోన్ ఆపరేటర్. నేను సంగారెడ్డి ఎక్స్ఛేంజిలో ట్రంకు కాల్స్ కలిపిన రోజుల్లో ఆ చివర ఆమె, ఈ చివర నేను. ఒకరి ముఖం ఒకరం చూసుకున్నది లేదు. గొంతు వింటే చాలు, జలుబు చేసిందో మనసే బాగాలేదో తెలిసిపోయేది. ఆ ఉద్యోగం మానేసి నేను పటాన్‌చెరులో జిరాక్స్ షాపు పైన డిటెక్టివ్ బోర్డు పెట్టి ఆరేళ్లయింది. నిన్న సాయంత్రం ఫోన్ మోగింది. "లక్ష్మీ, నేను దొంగనంట" అంది ఆ గొంతు. ఇంకేం అడుగుతాను? పొద్దున్నే వచ్చేదాన్నే, సంగారెడ్డి కోర్టులో సాక్ష్యం ఒకటి నా ప్రాణానికి అడ్డంపడింది.

ఎండీ గారి గదిలో నలుగురున్నారు. బల్ల వెనక ఎండీ, పక్క సోఫాలో ఆయన తల్లి కౌసల్యమ్మ, కిటికీ దగ్గర డిస్పాచ్ ఆఫీసరు విఠల్. నాలుగోవాడు లింగం. ఒకప్పుడు పోలీసు, ఇప్పుడు హైదరాబాదులో సెక్యూరిటీ కంపెనీ నడుపుతున్నాడు. ఈ ఫ్యాక్టరీకి కాపలా మనుషుల్ని పంపేదీ ఆయనే, ఈ కేసు తేల్చానని కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నదీ ఆయనే. నన్ను చూసి లేవలేదు. లేస్తాడని నేనూ అనుకోలేదు.

"లక్ష్మమ్మా, నీకెందుకు తిప్పలు? కేసు అయిపోయింది" అన్నాడు.

"అయిపోతే నాలుగింటి దాక ఎందుకు ఆగిండ్రు?"

"పోలీసోళ్లకు జీపు దొరకలె. గంతే."

జరిగింది ఇది. శుక్రవారం రెండుంబావుకు ఇక్కడి నుంచి ఖరీదైన మందు పొడి డబ్బాలతో వ్యాను బయలుదేరింది. రోజూ పోయే దారి కాదు, రుద్రారం వెనక మట్టిరోడ్డు. దొంగల భయంతో ఎండీ గారు చివరి నిమిషంలో మార్చిన దారి. మూడూ ఐదుకు సరిగ్గా ఆ మట్టిరోడ్డు మీదే వ్యానును ఆపి, డ్రైవరు పోచయ్య తల పగలగొట్టి సరుకు ఎత్తుకుపోయారు. ఎండీ గారు కాక కొత్త దారి తెలిసింది ముగ్గురికే. డ్రైవరు పోచయ్య, పక్కన కూర్చుని విన్న విఠల్, ఎండీ మాటను పోచయ్యకు ఫోన్‌లో కలిపిన ఇస్మత్.

లింగం తన సంతకాలున్న ఒక కాగితాల కట్ట నా ముందుకు తోశాడు. ఒక వరుస కింద ఎర్రగీత ఉంది. శుక్రవారం, 1.10. తొమ్మిదో నంబరు నుంచి ఒక సెల్‌ఫోన్‌కు. ముప్పై ఎనిమిది సెకండ్లు.

"తొమ్మిది అంటే ఆపరేటర్ టేబులు. ఆ సెల్ నంబరు దొంగ పేరు మీద తీసింది. చేస్తే మోగుతది, ఎవడు ఎత్తడు. శుక్రవారం నాడే ఫోన్లకు కొత్త సర్వరు పెట్టిండ్రు. నీ జమానాల ప్లగ్గులు గుంజినట్టు కాదు. ఎవరు ఏ టేబుల్ మీదికెల్లి ఎవరికి చేసిండ్రు, ఎంతసేపు మాట్లాడిండ్రు, అన్నీ రాసిపెడతది. మనిషి అబద్ధమాడతడు. కంప్యూటర్ ఆడది."

"ఒంటిగంటా పదికి విఠల్ గారు ఏడున్నరు?"

"సర్వరు పూజ భోజనాల కాడ. నలభై మందికి నా చేతులతోటి పప్పు వడ్డించిన" అన్నాడు విఠల్ మెల్లగా. "మేడం, ఇస్మత్ ఆపా మంచిది. ఏదో పొరపాటు చేసుంటది. పోలీసుల దాక వద్దని నేను సారును బతిమిలాడుతున్న."

కౌసల్యమ్మ అతని వంక మెచ్చుకోలుగా చూసింది. నాకూ మంచివాడే అనిపించాడు. ఆ మాట ఒప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

"సార్, మీరు దారి మార్చింది ఎన్నింటికి?" అని ఎండీని అడిగాను.

"ఒంటిగంటన్నర అయ్యుంటది. నా వాచీల చూసినట్టే యాది."

"మరి ఒంటిగంటా పదికి ఫోన్ల ఎట్ల చెప్పింది, మీరు ఇంకా మార్చనే లేదు గద?"

లింగం నవ్వాడు. "సారు వాచీ ముందుకు ఉరుకుతున్నట్టుంది. గిదా నీ పాయింటు?"

ఎండీ తన వాచీ చూసుకుని అనుమానంగా తల గీరుకున్నాడు. చదువుకున్నవాడు, నూరుమందికి జీతమిచ్చేవాడు, సర్వరు రాసిన అంకె ముందు తన కళ్లనే నమ్మలేకపోయాడు. నాకు ఒళ్లు మండింది.

"నాలుగు దాక నాకియ్యుండ్రి. పోచయ్య ఏమంటున్నడు?"

"ఇంక మాట రాలె. పటాన్‌చెరు నర్సింగ్ హోంల ఉన్నడు. వార్డు తలుపు కాడ నా మనిషి రాములును కూసోబెట్టిన. ఈగను గూడ పోనియ్యడు" అన్నాడు లింగం.

ఇస్మత్‌ను క్యాంటీన్ వెనక గదిలో కూర్చోబెట్టారు. యాభై దాటిన సన్నటి మనిషి. నేను తలుపు తీసి "ఆపా" అనగానే గుర్తుపట్టింది. పంతొమ్మిదేళ్ల తర్వాత మొదటిసారి చూసుకున్న ముఖాలు, పలకరింపులకు తీరిక లేదు.

"శుక్రవారం ఒంటిగంటా పదికి ఏడున్నవు?"

"నా కుర్సీల. అందరు భోజనాలకు పోయిండ్రు, నేనొక్కదాన్నే ఉన్న. అబద్ధం ఎందుకు చెప్తా?"

"ఫోన్ చేసినవా?"

"అల్లా మీద ఒట్టు. బయటికి ఒక్క ఫోను చేయలే."

"నీ కుర్చీల ఇంకెవరన్న కూసున్నరా ఆ టైముకు?"

"ఆ టైముకు ఎవరు లేరు. ఒంటిగంటా ముప్పావుకు లేసి నమాజుకు వచ్చిన, ఇగో ఈ గదికే. రెండుంబావుకు మళ్ల పోయిన. శుక్రవారం రోజు అంతే." ఆమె చీర కొంగు అంచు వేలికి చుట్టుకుంటోంది. "లక్ష్మీ, నౌకరి పోతే పోనీ. జీపు ఎక్కిస్తే ఇస్నాపూర్ గల్లీల నేను తలెత్తుకోని నడుస్తనా? లోపటి మాట బయటికి చెప్పిందంటరు. ఇన్నేండ్లల్ల ఎన్ని మాటలు విన్న, ఒక్కటన్న నోరు దాటిందా?"

దాటలేదని నాకు తెలుసు. ఆపరేటర్ అంటేనే విన్నది నోరు దాటనివ్వని మనిషి. కానీ నాకు తెలిస్తే సరిపోదు, కాగితానికి తెలియాలి. రెండూ నలభై అయింది.

సర్వరు గది అంటే పెద్ద అల్మారా అంత. నిలువు చట్రంలో నల్లటి పెట్టె, దానికి తెర లేదు. కింద బ్యాటరీ, గోడకు పాత ఎక్స్ఛేంజి నుంచి మార్చిన వైర్ల కట్టలు. బల్లల మీద ఉన్నవి ఆ పాత ఫోన్లే, వాటి మీద టైము కనిపించదు. పెట్టెకు పసుపు కుంకుమ, వాడిన బంతిపూల దండ. దండ కింద ఒక కాగితం ముక్క ఫ్రేము కట్టి అంటించారు: మొదటి కాల్, శుక్రవారం, 10.12.

నేను వైర్లే చూశాను. పద్నాలుగేళ్ల అలవాటు, ముందు వైర్లు చూస్తాను. ఒక్కో జతకూ ప్లాస్టిక్ చీటీ కట్టి ఉంది. దాని మీద నంబరు, పరీక్ష చేసిన తేదీ, టైము. పద్ధతి తెలిసిన పనివాడు ఎవడో అలా రాసుకుంటూ పోయాడు. తొమ్మిది, 9.20. పద్నాలుగు, 9.35. గేటు ఇరవై ఒకటి, 9.50. చివరి రెండూ బయటి లైన్లు. వాటి చీటీల మీద ఒకసారి రాసి కొట్టేసి మళ్లీ రాసి ఉంది. 10.55.

చీటీ చూశాను, ఫ్రేము చూశాను, మళ్లీ చీటీ చూశాను. 10.55కు ప్రాణమొచ్చిన లైను మీద 10.12కే కాల్ ఎలా పోయింది?

అక్కడే నేల మీద కూర్చుని లింగం ఇచ్చిన కట్ట మొత్తం తిప్పాను. ఎర్రగీత ఉన్న వరుస ఒక్కటే ఆయన చదివాడు, నేను గీత లేనివన్నీ చదివాను. మూడో కాగితం దగ్గర వేలు ఆగిపోయింది. గేటు నుంచి లోపలికి రోజుకు మూడు ఫోన్లు. శుక్రవారం 1.13. అదే రాత్రి 9.13. శనివారం పొద్దున 5.13, మధ్యాహ్నం 1.13. గంటలు మారుతున్నాయి, పదమూడు మారడం లేదు.

గేటు దగ్గరికి దాదాపు పరుగెత్తాను.

అంజన్న స్టూలు మీద కూర్చుని తంబాకు నలుపుతున్నాడు. పొట్టివాడు, అరవై దగ్గర పడ్డాడు. లింగం పంపిన కాపలావాడు కాదు, ఫ్యాక్టరీ పునాది తవ్వినప్పటి నుంచీ ఉన్నవాడు.

"అంజన్నా, నువ్వు దినాం లోపటికి ఫోన్ ఎప్పుడు చేస్తవు?"

"సైరన్ కాంగనే బిడ్డా. షిఫ్టు మారంగనే ఎంతమంది లోపటికి వచ్చిండ్రో లెక్క చెప్పాలె. క్యాంటీనోళ్లు గా లెక్కకే అన్నం వండుతరు."

"సైరన్ ఎప్పుడెప్పుడు?"

"గిది గూడ అడుగుతవా? పొద్దుగాల ఆరు, పగటీలి రెండు, రాత్రి పది."

"ఒంటిగంటా పదమూడుకు ఎప్పుడన్న చేసినవా?"

"గప్పుడు సైరన్ ఎక్కడిది? నాకేమన్న పిచ్చా?"

వేళ్ల మీద లెక్కపెట్టాను. రెండింటికి చేసిన ఫోన్ 1.13 అని పడింది. నలభై ఏడు నిమిషాలు వెనక. పదింటికి 9.13, ఆరింటికి 5.13. అన్నీ నలభై ఏడే. అలాగైతే 1.10కి పోయిందన్న దొంగ ఫోన్ నిజంగా పోయింది 1.57కు. సైరన్‌కు మూడు నిమిషాల ముందు. అప్పుడు ఇస్మత్ తన కుర్చీలో లేదు. నమాజులో ఉంది.

నేను స్టూలు దగ్గరికి జరిగాను.

"అంజన్నా, జెర యాది చేసుకో. మొన్న శుక్రవారం రెండింటికి నువ్వు లెక్క చెప్పినవు గద. ఫోన్ ఎత్తిందెవరు?"

"విఠల్ సారు" అన్నాడు తడుముకోకుండా. "ఎప్పుడు శుక్రారం అకౌంట్ల పిల్ల ఎత్తుతది. ఆ దినం సారు ఎత్తిండు. ఆపా నమాజుకు పోయిందని నేనే వచ్చి కూసున్న అన్నడు. మంచోడు పాపం."

ఇస్మత్‌ను నేను అడిగింది ఒంటిగంటా పది గురించి. తర్వాత ఎవరు కూర్చున్నారని అడగలేదు. తప్పు టైముకు నేనూ లొంగిపోయి తప్పు ప్రశ్న వేశాను. లింగాన్ని తిట్టుకున్న నోటితోనే నన్ను నేను తిట్టుకున్నాను.

కొత్త సర్వరు బిగించింది ఇస్నాపూర్ చాంద్ పాషా. ముప్పై ఏళ్లవాడు, సొంతంగా చిన్న దుకాణం. మిగిలిన లైన్లు కలపడానికి ఆ రోజూ వచ్చాడు. ల్యాబు వరండాలో నిచ్చెన మీద ఉన్నాడు.

"పాషా, కిందికి దిగు. బయటి లైన్లు శుక్రవారం ఎన్నింటికి వచ్చినయి?"

"పదకొండు కావొచ్చింది మేడం. రెండు లైన్లు తారుమారైనయి, దేవులాడి దేవులాడి పరేషాన్ అయిన."

"మరి పది పన్నెండుకు మొదటి కాలు ఎట్ల పోయింది?"

చేతిలోని పట్టుకారు నిచ్చెన మెట్టు మీద పెట్టాడు. ముఖం సున్నం కొట్టిన గోడలా తెల్లబడింది.

"సారుకు చెప్పరు గద?"

"చెప్తా. నువ్వు చెప్పకుంటే ఇస్మత్ ఆపా జైలుకు పోతది."

"ఆపా? దీనికి ఆపాకు ఏం సంబంధం?" లింగం శనివారం ఇతని దగ్గర కాగితాలు మాత్రం తీయించుకుని పంపేశాడట, ఎందుకో చెప్పలేదు. నేను రెండు ముక్కల్లో చెప్పాను. పాషా నిచ్చెన కింది మెట్టు మీద కూలబడ్డాడు.

"పది పన్నెండు ముహూర్తమని పంతులు గారు పెట్టిండు మేడం. పదిన్నర నుంచి రాహుకాలం. ఆయనకు ఇంకో ఇంట్ల పూజ ఉండె, మంత్రాలు చదివి వెళ్లిపోయిండు. ఎండీ సారు హైదరాబాదుల ఉన్నడు. పెద్దమ్మ ఒక్కతే నా ముందల కుర్చీల కూసుంది. ఫోన్ పట్టుకొని సంగారెడ్డిల ఉన్న చెల్లెకు మొదటి కాలు చెయ్యాలని. లైను రాదు. ఆమెకు గోడ గడియారం కనిపించదు. జెరంతసేపటికోసారి, పాషా బిడ్డా ముహూర్తం దాటలేదు గద అంటది. దాటలేదమ్మా అంటున్న నేను. కొడుకు కట్టిన కంపెనీకి కీడు తాకుతదేమోనని భయం ఆమెకు. ఏం చేయాలె? లైను వచ్చినంక, పెట్టెల టైమును పది పన్నెండుకు తిప్పి, అప్పుడు చెయ్యమన్న. కాగితం తీసి ఇస్తే కండ్లకద్దుకుంది."

"మళ్ల సరిచేయలేదా?"

"అన్నం తినంగనే చేద్దామనుకున్న. ఇగ లైన్ల పనిల పడి యాదిమర్చిన. అమ్మతోడు, యాదిమర్చిన."

నాకు కోపం రాలేదు. ముసలామె కళ్లలో భయం చూడలేక గడియారం తిప్పిన మనిషి మీద కోపం ఎట్లా తెచ్చుకోను? ఆ కాగితం మీద రాహుకాలం పడకూడదనుకున్నాడు. ఆ నలభై ఏడు నిమిషాలు వెళ్లి ఇస్మత్ మెడ మీద పడ్డాయి.

"ఇంకొక్కటి. శుక్రవారం బయటి సెల్ నంబర్లకు ఏ ఫోను నుంచి చేయొచ్చు?"

"తొమ్మిదికి ఒక్కదానికే ఇచ్చిన. ఇయ్యాల పొద్దుగాల డిస్పాచుకు గూడ ఇచ్చిన, పద్నాలుగుకు. విఠల్ సారు శనివారం సంది ఒక్కటే అడుగుడు."

"నీ ల్యాప్‌టాప్ తీసుకొని నాతోటి రా. పెట్టెల టైము మాత్రం ముట్టకు."

మూడున్నరకు ఎండీ గారి గదిలోకి వెళ్లాం. దారిలో క్యాంటీన్ వెనక గది తలుపు తీసి ఇస్మత్‌ను కూడా వెంటబెట్టుకున్నాను. లింగం కనుబొమ్మలు పైకి పోయాయి. విఠల్ కిటికీ దగ్గరే ఉన్నాడు.

"సార్, మీ వాచీల ఎంతయింది?"

"మూడూ ముప్పై రెండు."

"గోడ గడియారంల?" అదీ అంతే. "ఇప్పుడు మీ ఫోన్ నుంచి గేటుకు చేసి అంజన్నతోటి ఒక్క మాట మాట్లాడుండ్రి."

చేశారు. పాషా ఆ వరుసను కాగితం మీద తీసి బల్ల మీద పెట్టాడు. ఎండీ కళ్లద్దాలు తుడుచుకుని చదివారు. 2.45.

"వాచీ ముందుకు ఉరుకుతలేదు సార్. మీ పెట్టె నలభై ఏడు నిమిషాలు వెనక నడుస్తున్నది, శుక్రవారం సంది."

గేటు ఫోన్ల వరుసలు చూపించాను. సైరన్లు చెప్పాను. వైరు చీటీల సంగతి చెప్పాను. ముహూర్తం సంగతి పాషానే చెప్పాడు, తల దించుకుని. చెప్తున్నంతసేపూ కౌసల్యమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

లింగం బల్ల మీద చేత్తో చరిచాడు. "ఇదంతా ఇప్పుడు కల్పించిండ్రు. పాషా లోపటికి పోయి టైము ఇప్పుడే మార్చిండు. ఇద్దరిదీ ఒకటే గల్లీ, ఒకటే కులం. గంత తెల్వదా?"

"గేటు వరుసలున్న కాగితం శనివారం నాడు మీ చేతికొచ్చింది లింగం గారు, దాని మీద మీ సంతకం ఉన్నది. అదిగూడ పాషా ఇప్పుడే మార్చిండా? చాలకపోతే ఇంకో సాక్షి ఉన్నది, ఈ ఫ్యాక్టరీల అడుగు గూడ పెట్టలేదు." కౌసల్యమ్మ వైపు తిరిగాను. "అమ్మా, మీ చెల్లెలింట్ల ఫోనుకు నంబర్లు చూపించే డబ్బా ఉన్నదా?"

"దేవమ్మ ఇంట్ల ఉన్నది. మనుమడు పెట్టిండు."

స్పీకరు ఫోన్‌లో కలిపాం. మనుమడి చేత డబ్బా నొక్కించి దేవమ్మ చదివింది. "శుక్రవారం నాడు మీ ఫ్యాక్టరీ నంబరు. పది యాభై తొమ్మిది. ఏమక్కా, ఏమైంది?"

అందరికంటే ముందు తేరుకున్నది కౌసల్యమ్మ.

"అయితే రాహుకాలంలనే మొదలైందన్నట్టు" అంది. తర్వాత ఇస్మత్ వైపు చూసింది. "నా ముహూర్తం కోసం నీ మీద నింద పడ్డది. పంతొమ్మిదేండ్లు నా కొడుకు గుట్టు కాపాడినవు. తప్పు నాది బిడ్డా."

ఇస్మత్ తల అడ్డంగా ఊపింది. కళ్లు నిండాయి, కారనివ్వలేదు.

"ఒంటిగంటా యాభై ఏడుకు తొమ్మిదో నంబరు కాడ కూసున్నదెవరో అంజన్న చెప్పిండు" అన్నాను. "విఠల్ గారు, మీరే..."

కిటికీ దగ్గర ఎవరూ లేరు. దేవమ్మ అంకెలు చదువుతుండగా జారుకున్నాడు. గదిలో ఆరుగురం ఉండి ఒక్కరమూ చూడలేదు, డిటెక్టివ్‌తో సహా.

"మేడం" అన్నాడు పాషా ల్యాప్‌టాప్ మీద వేలు పెట్టి. "పద్నాలుగు మీద బయటి కాలు నడుస్తున్నది. ఇప్పుడే మొదలైంది."

నంబరు చూశాను. ఎర్రగీత నంబరు. విఠల్ సెల్‌ఫోన్ గేటు పెట్టెలో ఉంది, తెచ్చుకోవాలంటే అంజన్నను దాటాలి. అందుకే తాను అడిగి పెట్టించుకున్న లైనే పట్టుకున్నాడు.

నేను నోరు తెరిచేలోపే ఇస్మత్ లేచింది. గది బయటే ఆమె బల్ల. శనివారం నుంచి ముట్టనివ్వని కుర్చీలో కూర్చుంది. తలకు హెడ్‌ఫోన్ పెట్టుకుంది.

"పాతదాంట్ల ఇద్దరి మాట మధ్యల దూరితే టింగుమని చప్పుడు అయితుండె" అంది మామూలుగా. "దీంట్ల కాదు. పాషా శుక్రవారమే నేర్పిండు." రెండు మీటలు నొక్కింది. ఎండీ గారి బల్ల మీద స్పీకరు గరగరమంది.

"...టైము సంగతి దొరికింది. ఇగ నా దాక వస్తరు" అంటోంది విఠల్ గొంతు. "పోచయ్యకు సోయి వచ్చిందా?"

"వచ్చింది. పెదవులు కదుపుతున్నడు. రేపటికల్ల మాట్లాడ్తడంటున్నరు" అంది అవతలి గొంతు.

"రేపటి దాక ఎందుకు? నాలుగింటికి చుట్టాలను లోపటికి వదులుతరు గద. ఆ సందడిల పని అయిపోవాలె."

"సందడి ఎందుకన్నా? తలుపు కాడ కూసున్నది నేనేనాయె. నన్ను ఆపేటోడెవడు?"

లింగం కుర్చీలోంచి లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. ఆయన ముఖంలోని రంగంతా ఎటో పోయింది. "రాములు" అన్నాడు. జేబులు తడుముకున్నాడు. ఆయన సెల్‌ఫోన్ కూడా గేటు పెట్టెలోనే ఉంది.

మూడూ యాభై మూడు. పటాన్‌చెరు పోవాలంటే ఎంత తోలినా ఇరవై నిమిషాలు.

"పాషా, డిస్పాచ్ తలుపుకు బయటికెల్లి గొళ్లెం పెట్టు. చప్పుడు కావద్దు" అన్నాను. వాడు చెప్పులు వదిలి పరుగెత్తాడు. నేను ఇస్మత్ వైపు తిరిగేసరికే ఆమె రెండో లైను మీద నంబరు తిప్పేసింది, పుస్తకం చూడకుండా. ఫ్యాక్టరీలో ఎవరికి దెబ్బ తగిలినా పోయేది ఆ నర్సింగ్ హోంకే.

"రాజవ్వ సిస్టరా? నేను ఇస్మత్. ఆ, అదే గొంతు. నువ్వు ఏం మాట్లాడకు, ఊఁ అను. పోచయ్యను ఎక్స్‌రేకని వెనక తలుపుకెల్లి తీస్కపో. ముందల తలుపు కాడ కూసున్నోడికి తెలువద్దు. తీస్కపోయి లోపట గొళ్లెం పెట్టుకోమను. ఫోను కింద పెట్టకు, బల్ల మీద పెట్టు."

ఊఁ అని వినిపించింది. తర్వాత బల్ల మీద రిసీవరు పెట్టిన చప్పుడు. ఇస్మత్ ఆ లైనును కూడా స్పీకరు మీదకు తెచ్చింది. ఎవరివో అడుగులు. చక్రాలు కీచుమన్నాయి. కీచు దూరమైంది, ఇంకా దూరమైంది, ఎక్కడో తలుపు మూసుకుంది. కౌసల్యమ్మ నా చేయి పట్టుకుని ఉంది, ఎప్పుడు పట్టుకుందో నాకు తెలియదు.

బరువైన బూట్ల చప్పుడు దగ్గరికొచ్చింది. స్పీకరులో రాములు గొంతు, ఈసారి వార్డు లోపల నుంచి. "సిస్టర్, మంచం ఖాళీగున్నదేంది? మనిషేడి?"

"ఎక్స్‌రేకు పోయిండు" అంది రాజవ్వ. "పెద్ద డాక్టరు రమ్మన్నడు. నువ్వు గాడనే కూసో."

ఎండీ బల్ల మీది ఫిర్యాదు కాగితం లాక్కుని ఇస్మత్ పేరు అడ్డంగా కొట్టేశారు. ఏ పేరు రాయాలని నన్ను అడగలేదు. ఒకదాని కింద ఒకటి రెండు పేర్లు రాశారు. ఆ రెండో పేరు చూసి లింగం రెండు చేతుల్లో తల పెట్టుకున్నాడు.

పాషా తిరిగొచ్చి, గొళ్లెం పెట్టానని చేత్తో సైగ చేశాడు. బయట జీపు ఆగింది. చెప్పిన టైముకు వచ్చే పోలీసును నేను ఆ ఒక్కరోజే చూశాను. ఎస్సై ఒక మహిళా కానిస్టేబులుతో వరండా ఎక్కి, ఆపరేటర్ బల్ల ముందు నిలబడి కాగితం చూసి చదివాడు.

"ఇస్మత్ బేగం అంటే ఎవరు?"

ఆమె తలెత్తింది. చెవికి హెడ్‌ఫోన్, ఒక చేతి కింద పద్నాలుగో నంబరు, రెండో చేతి కింద నర్సింగ్ హోం.

"నేనే సారు" అంది. "జెర ఆగుండ్రి. లైన్ల ఉన్న."

ఎస్సై నా వైపు చూశాడు. నేను కుర్చీ చూపించాను, కూర్చున్నాడు.